రెల్లు దాకా

ఈ రోజు నాకు ఆఫ్.
భుజాన బ్యాగు లేదు, చేతిలో టికెట్ల మిషను లేదు,
అయినా గోడ మెట్లు దిగేటప్పుడు
"జరగండి, ముందుకు జరగండి" అనేశాను.
కెజియా నవ్వింది. దానీ నిజంగానే జరిగాడు.

కృష్ణలంక గోడకి ఇవతల మా గది,
అవతల ఏరు.
వరద గీసిపోయిన బురద చార
గోడ మీద నా మెడ ఎత్తున ఇంకా ఉంది.
దానీని ఎత్తుకుని చూపించాను,
ఇదిగో, అప్పుడు నీళ్ళు ఇక్కడిదాకా వచ్చాయి.
వాడు చార మీద అరచెయ్యి ఆనించి
"జొరం తగ్గింది" అన్నాడు.

లెక్క ప్రకారం పది నిమిషాల నడక.
గోడ నుంచి పచ్చిక, పచ్చిక దాటితే ఇసుక,
ఇసుక దాటితే రెల్లు, ఆ వెనక నీళ్ళు.
మొదటి స్టేజీలోనే బండి ఆగిపోయింది.

అత్తిపత్తి.
కెజియా ఒక ఆకు ముట్టింది, ముడుచుకుంది.
ఇంకోటి. ఇంకోటి.
మొక్క మొక్కంతా నిద్రపుచ్చి
"ష్, లేపకండి" అని మమ్మల్నే కసిరింది.
అవి లేచేదాకా కదలనని దానీ చతికిలబడ్డాడు.
ఏం చేస్తాం, కూచున్నాం.
పచ్చిక తడి చీరలోంచి వొంటికి తగిలింది.
ఎన్నాళ్ళయిందో
కదలని దాని మీద నేను కూచుని.

గేదె మీద కొంగ ఎక్కి పోతోంది.
"అమ్మా, అది టికెట్టు తీసుకుందా?"
తీసుకోలేదే.
"చెకింగ్ వస్తే?"
గేదె ఒక్కసారి తోక విసిరింది.
కొంగ దిగిపోయింది.
మేం ముగ్గురం పడీ పడీ నవ్వుతుంటే
గేదెలు కాసే నాంచారయ్య గారు దూరం నుంచి
ఎందుకో తెలీకుండానే నవ్వారు.

ఇసుక మొదలయ్యాక ఆరు చెప్పులూ నా వేళ్ళకి వేలాడాయి.
పైన గోరువెచ్చన, కాలు దిగబడితే లోపల చల్లన.
నత్తగుల్లలు దానీ జేబులో,
జేబు నిండాక నా కొంగులో.
ఒక దాంట్లో నత్త ఇంకా ఉంది.
వాడు ఇంటికి తీసుకుపోతానని ఏడుపు.
"వాళ్ళమ్మ వెతుక్కుంటది" అంది కెజియా.
అంతే, మాట్లాడకుండా వెళ్ళి
తడి ఉన్న చోటు చూసి దింపి వచ్చాడు.

రెల్లు.
దూరం నుంచి ఎవరో ఆరేసిన తెల్ల దుప్పటి.
లోపలికి వెళ్తే కెజియాకి ఆకాశం లేదు,
దానీకి కెజియా లేదు,
కాసేపు నాకు ఇద్దరూ లేరు.
రోజూ వందల తలలు లెక్కపెట్టే దాన్ని.
రెండు తలలు లెక్క తప్పితే
గొంతు ఇంతలా ఎండిపోతుందని తెలీదు.
ఒకచోట పూత కదిలింది. గాలి లేదు.
"ఎవరండీ అక్కడ, టికెట్టు?" అన్నాను.
రెండు నవ్వులు బయటపడ్డాయి
జుట్టు నిండా తెల్ల నూగుతో,
నాకంటే ముసలివాళ్ళయి.

నీళ్ళలో చీలమండల దాకే, అని ఒప్పందం.
ఎడమవైపు వారధి మీద బస్సులు, అగ్గిపెట్టెలంత.
గుంటూరు ట్రిప్పుల్లో రోజుకి ఆరుసార్లు
ఈ ఏరు దాటుతాను,
చిల్లర వెతుకుతూ.
"ఈ నీళ్ళు ఎక్కడికి పోతాయమ్మా?"
హంసలదీవికి. అక్కడ సముద్రం.
"ఎంత టికెట్టు?"
అవనిగడ్డ దాకా అయితే చెప్తాను,
కోడూరు దాకా కూడా చెప్తాను,
ఆ పైన నాకు తెలీదు.
"నీళ్ళకి తెలుసా?"
దానీ వొంగి అడిగాడు. చొక్కా తడిసింది.
ఏం చెప్పాయో మాకు చెప్పలేదు.

వెనక్కి వచ్చేసరికి పొద్దుగూకింది.
బ్యాగు పట్టీ ఒరుసుకుపోయిన భుజం మీదే
దానీ నిద్రపోయాడు, గుప్పిట్లో ఒక గుల్లతో.
అత్తిపత్తి అంతా ముడుచుకునే ఉంది.
"నేను ముట్టుకోలేదు" అంది కెజియా భయంగా.
నువ్వు కాదులే,
చీకటి ముట్టుకుంది.